ఆగి ఉన్న కారుకు తగిలించి వచ్చేసినవారు ఇప్పుడు ఏం చేయాలి

మీరు కారును వెనక్కి తీస్తుండగా ఆగి ఉన్న మరో కారు తలుపు సొట్టపోయిందనీ, యజమాని ఎంతకీ రాకపోవడంతో ఇంటికి వచ్చేశారనీ రాశారు. ఆలస్యం చేయకుండా అక్కడికి తిరిగి వెళ్లండి. నష్టం చెల్లిస్తే తీరిపోయే విషయమే అయినా, వివరాలు ఇవ్వకుండా వెళ్లిపోతే అది చాలా దేశాల్లో నేరమవుతుంది.

ఆ కారు అక్కడే ఉంటే మీ పేరు, ఫోన్ నంబరు, వాహనం నంబరు, జరిగిన సమయం ఒక కాగితం మీద రాసి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి వైపరు కింద ఉంచండి. అందులో 'ఖర్చంతా నేనే భరిస్తాను' వంటి హామీ మాత్రం రాయవద్దు, ఎందుకంటే తమను అడగకుండా బాధ్యత ఒప్పుకోరాదని చాలా బీమా పాలసీల్లో షరతు ఉంటుంది. రెండు కార్లనూ, సొట్టనూ దగ్గర నుంచీ దూరం నుంచీ ఫోటోలు తీయండి. అద్దం మీద పెట్టిన ఆ కాగితాన్ని కూడా తీయడం చాలామంది మరచిపోతారు, కానీ అది గాలికి ఎగిరిపోతే మీకు మిగిలే ఆధారం ఆ ఫోటోయే.

కారు వెళ్లిపోయి ఉంటే పోలీసులకు తెలియజేయడమే మార్గం. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లోనైతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలలోపు తెలపాలి.

బీమా సంస్థకు సమాచారం ఇవ్వడం వేరు, క్లెయిమ్ చేయడం వేరు. మొదటిది తప్పక చేయండి. రెండోది మరమ్మతు ఖర్చునూ, కోల్పోయే నో క్లెయిమ్ బోనస్‌నూ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో దొరికే తగ్గింపు) పోల్చి చూసుకున్నాక నిర్ణయించుకోవచ్చు.