మూతబడిన జలవిద్యుత్ కేంద్రం అడుగు అంతస్తుల్లోకి దిగవచ్చా?

మూతబడిన జలవిద్యుత్ కేంద్రంలో భూమి లోపలి అంతస్తులకు దిగి చూడవచ్చా, చీకటి కాక వేరే ప్రమాదమేమైనా ఉంటుందా అని అడిగారు. చిత్తూరులో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన వాడిగా చెబుతున్నాను: చీకటిదేముంది, టార్చి వేసుకుంటే పోతుంది, అన్నిటికన్నా పెద్ద భయం నీటితోనే. నీటి తోపుకు తిరిగే చక్రం, అదే టర్బైన్, ఉండేది అట్టడుగున కాబట్టి, గోడల్లోంచి ఊరే నీరంతా దాని కిందనున్న సంప్ అనే గుంటలోకి చేరుతుంది. కేంద్రం నడిచినన్నాళ్లూ పంపులు ఆ నీటిని తోడిపోస్తాయి; పంపులకు కరెంటు తీసేసిన నాటి నుంచి ఆ అంతస్తులు బావితో సమానం.

మా అబ్బాయి కెనడాలో ఉండడం వల్ల నయాగరా జలపాతం పక్కనున్న పాత కేంద్రాన్ని చూశాను. 1905లో మొదలై 2006లో ఆగిపోయిన ఆ కేంద్రాన్ని 2021లో సందర్శకులకు తెరిచి, మరుసటి ఏడాది అడుగునున్న సొరంగాన్ని కూడా చూపించడం ప్రారంభించారు. జనమంతా పై హాలులోని జనరేటర్ల ముందు ఫొటోలు దిగుతుంటే, అసలు పని జరిగిన చోటు కిందనుందని ఎవరికీ పట్టలేదు. లిఫ్టులో సుమారు 55 మీటర్లు దిగితే, టర్బైన్లను తిప్పిన నీటిని నదిలోకి వదిలిన సొరంగం దాదాపు 670 మీటర్ల పొడవున సాగుతుంది. అక్కడి ఇటుక గోడ మీద చెయ్యి పెడితే తడి తగిలింది. సందుల్లో సున్నం తెల్లగా పేరుకుని, దాని అంచున నీటి బొట్టు వేలాడుతోంది.

"ఆపేసి ఇన్నేళ్లయినా ఇంకా తడేంది నాయనా?" అన్నాడు మావాడు.

"మిషన్ నిలిపినారు గానీ, ఊటను ఎవరు నిలుపుతారు రా?" అన్నాను.

అంత దూరమెందుకు, కుప్పం దాటితే వచ్చే కోలారు బంగారు గనులనే చూడండి. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్తును అంత దూరం తీగలు లాగి తెచ్చింది ఆ గనుల కోసమే. 2001లో గనులు మూసి పంపులు ఆపేశాక లోపల నీరు నిండిపోయింది. కెనడాలో పాత యంత్రాలను తుడిచి పెట్టి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారు, మన దగ్గరైతే యంత్రం ఆగగానే ఇనుము కిలో ఎంత పలుకుతుందనే లెక్క మొదలవుతుంది. ఇక వీడియోల కోసం తాళాలు పగలగొట్టి దూరే కుర్రాళ్లకు, కాలి కింది ఇనుప రేకు ఎంత తుప్పుపట్టిందో తెలియదు, గాలి ఆడని చోట తుప్పుపట్టే ఇనుమే ప్రాణవాయువును తినేస్తుందనీ తెలియదు.

కాబట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, అక్కడ పనిచేసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. సంప్ పంపు నడవడం లేదని ఆయన చెబితే, జనరేటర్ అంతస్తు చూసి వెనక్కి రండి.