సమాధానం: ల్యాబ్ అనుభవం లేకపోయినా పర్వాలేదు
గణాంకశాస్త్రంలో ఎంఎస్సీ చేశాను, లండన్‌లోని యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజ్ లండన్)లో నేరాలపై అధ్యయనం చేసే జిల్ డాండో సంస్థలో చదవాలనుంది, కానీ ల్యాబ్ అనుభవం లేదని బెంగపడుతున్నారు. అక్కర్లేదండి. అక్కడ ప్రధానమైన పని రక్తపు మరకల పరీక్ష కాదు, నేరాన్ని జరగకముందే అడ్డుకోవడం.

1999లో హత్యకు గురైన బీబీసీ వ్యాఖ్యాత జిల్ డాండో పేరిట 2001లో ఆ కేంద్రం మొదలైంది. మనిషి నేరస్థుడిగా ఎందుకు మారాడన్నదాని కంటే, ఆ చోట, ఆ వేళ నేరం ఎందుకు సులువైందన్న ప్రశ్నకే అక్కడ పెద్దపీట. ఉదాహరణకు, ఒక ఇంట్లో దొంగతనం జరిగాక కొంతకాలం చుట్టుపక్కల ఇళ్లకూ ముప్పు పెరుగుతుందని అక్కడి పరిశోధకులు షేన్ జాన్సన్, కేట్ బోవర్స్ చూపించారు. అంటువ్యాధుల వ్యాప్తిని పసిగట్టే గణాంక పద్ధతినే దొంగతనాల రికార్డులకు వర్తింపజేశారు. గస్తీ ఎక్కడ పెంచాలో, ఏ ఇళ్లవారిని ముందే హెచ్చరించాలో దాన్నిబట్టి ఆలోచించవచ్చు. ఇదంతా మీ శాస్త్రమే కదా!

దరఖాస్తులో 'నేరాలంటే ఆసక్తి' అని రాసి ఊరుకోకండి, అది ఎవరైనా రాస్తారు. ఒక రకం నేరం, ఒక ప్రాంతం ఎంచుకోండి. ఇంగ్లండ్ పోలీసుల వీధిస్థాయి సమాచారం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానితో చిన్న విశ్లేషణ చేసి, తేలిందేమిటో రాయండి. అయితే గోప్యత కోసం అందులో స్థలాలను ఉజ్జాయింపుగానే ఇస్తారు, ఇంటింటి లెక్కలు మాత్రం వేయకండి.