కొళాయి కారుతోందని అప్పు చేస్తారా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. సొంత ఇల్లు, ఒక పాప. ఇంట్లో చిన్నాచితకా రిపేర్లు మూడేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాం. ఇప్పుడు లెక్క పెడితే పదకొండు తేలాయి. సింకు కింద పైపు కారుతోంది. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు ఆగడం లేదు. హాల్లో ఒక స్విచ్ బోర్డు దగ్గర అప్పుడప్పుడూ కాలిన వాసన వస్తోంది. వీధి తలుపు తాళం పట్టేస్తోంది. బాత్రూం టైల్స్ మధ్య సందులు పడ్డాయి, కిటికీ మెష్ చిరిగింది, అల్మారా తలుపు ఒకటి వేలాడుతోంది, గోడకు రెండు ఫొటోలు తగిలించాలి, ఇలాంటివే మరికొన్ని. అన్ని పనులూ చేసే ఒకతన్ని పిలిచాం. ఒక గదికి రంగులు కూడా కలిపి, మా ఇద్దరి నెల జీతంలో 40 శాతం అవుతుందన్నాడు. సామాను కొనాలని అందులో 80 శాతం ముందే ఇమ్మంటున్నాడు. ఫోన్లో ఒక లోన్ యాప్ ‘నెలకు ఒక్క శాతమే వడ్డీ, 12 వాయిదాలు’ అని చూపిస్తోంది. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం. వాయిదా మా జీతంలో 4 శాతం లోపే. నెలనెలా జీతంలో 10 శాతం దీర్ఘకాల పెట్టుబడికి వెళ్తోంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. వేరే పొదుపు లేదు. ఇంటికి బీమా ఉంది. అప్పు తీసుకుని అన్నీ ఒకేసారి చేయించేయమంటారా?

జవాబు: వద్దు.

ఈ ఒక్క మాటతో ఆపేయొచ్చు. కానీ ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి ఫ్రిజ్, ఒకరికి బండి, ఇంకొకరికి పంటి వైద్యం. ఖర్చు మారుతుంది తప్ప కథ మాత్రం ఇదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మీ ఉత్తరంలో సింకు పైపు గురించి చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. స్విచ్ బోర్డు దగ్గర ఉలిక్కిపడ్డాను, దాని సంగతి తర్వాత చెప్తాను. అసలు భయం వేసింది మాత్రం చివర్లో మామూలుగా రాసేసిన ‘వేరే పొదుపు లేదు’ అన్న మాట దగ్గర. రెండు జీతాలు వస్తున్న ఇంట్లో తాళం బాగు చేయించడానికి అప్పు కావాలంటే రిపేరు చేయాల్సింది తాళానికి కాదు.

ముందు ఆ ‘ఒక్క శాతం’ సంగతి తేల్చేద్దాం. మీ నెల జీతం 100 అనుకోండి. తీసుకునేది 40. నెలకు ఒక శాతం అంటున్నారు గానీ, దేని మీద? చివరి నెల దాకా మొదటి 40 మీదే. మీరు ప్రతి నెలా అసలు కొంత కట్టేస్తూనే ఉంటారు, వడ్డీ మాత్రం కట్టేసిన అసలు మీద కూడా వేస్తూనే ఉంటారు. తగ్గే అసలు మీద లెక్కిస్తే ఏడాదికి ఇది 12 శాతం కాదు, 21 శాతం దాటుతుంది. ఫీజు 3 శాతం ముందే కోసుకుంటారు కాబట్టి మీ చేతికొచ్చేది 40 కూడా కాదు. దాన్ని కలుపుకుంటే 27 శాతం పైమాటే. మొత్తం మీద వడ్డీ 4.8, ఫీజు 1.2, వెరసి 6. మీరు పంపిన లెక్క కాగితంలో సింకు పైపుకూ ఫ్లష్ ట్యాంకుకూ కలిపి వేసింది 3. అంటే ఆ రెండూ రెండుసార్లు చేయించుకోవచ్చు, ఆ డబ్బుతో. ఇంత చిన్న లెక్క ఎవరూ వేసుకోరు, ‘వాయిదా ఎంత’ అని మాత్రం అడుగుతారు. ఆ యాప్‌లు నడిచేదే ఈ ఒక్క ప్రశ్న మీద. ఇన్నేళ్లుగా చెబుతూ ఉన్నా ఇంకా చెప్పాల్సి రావడం నాకు చిరాకే, ఏమీ అనుకోకండి.

క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టుకుందామని మీ తర్వాతి ఆలోచన అయితే దానికీ ఇదే జవాబు. కార్డుతో నగదు తీసే ఆలోచన ఉంటే, దాని మీద వడ్డీ తీసిన రోజు నుంచే మొదలవుతుంది. తెలిసినవాళ్ల దగ్గర చేబదులు సంగతి మీకూ వాళ్లకూ మధ్య విషయం, నేను జోక్యం చేసుకోను.

బీమా గురించి కూడా ఒక్క మాట. పైపు ఉన్నట్టుండి పగిలి ఇల్లంతా నీళ్లైతే చాలా పాలసీలు ఇస్తాయి. వాడకం వల్ల అరిగిపోయినవి, నెలల తరబడి కారుతున్నవి మాత్రం సాధారణంగా ఇవ్వవు. పైగా కారుతోందని తెలిసీ ఊరుకున్నారని తేలితే రేపు నిజంగా పగిలినప్పుడు కూడా పేచీ పెట్టే అవకాశం ఉంది. ఆలస్యానికి అదొక ఖర్చు.

ఆలస్యం ఖర్చు నాకు సొంత అనుభవమే. మా వంటగదిలో కూడా సింకు కింద చెమ్మ కనిపించింది. ఒక గిన్నె పెట్టాను. గిన్నె నిండితే పారబోయడం, మళ్లీ పెట్టడం. అలా ఎనిమిది నెలలు గడిపాను. ఊళ్లోవాళ్లందరి డబ్బు లెక్కలూ సరిచేసే మనిషిని! ఆఖరికి పనివాడు వచ్చి పైపు విప్పి, లోపలి నుంచి తీసిన వాషర్ నా అరచేతిలో పెట్టాడు. గోరంత రబ్బరు ముక్క, గట్టిపడి పగిలిపోయి ఉంది. కొత్తది వేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కానీ కింద అల్మారా అడుగు చెక్క ఉబ్బిపోయి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. చెక్కా, బందులూ, తలుపూ అన్నీ మార్చాల్సి వచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజు బోధపడింది. సెకనుకో చుక్క కారే పైపు రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. నాలుగు చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా 21 లీటర్లు దాటుతుంది. ఆ నీళ్లు ఎక్కడికో ఒక చోటికి వెళ్తాయి కదా.

కాబట్టి నేను మిమ్మల్ని పనులు ఆపమనడం లేదు. పదకొండింటినీ ఒకే గాటన కట్టొద్దంటున్నాను. ఆలస్యమైతే ముదిరేవి వేరు, ఎన్నాళ్లున్నా అలాగే ఉండేవి వేరు. నీళ్లు, కరెంటు, తాళం మొదటి జాబితా. బాత్రూం టైల్స్ సందులు కూడా కొంతవరకు ఇందులోకే వస్తాయి, ఎందుకంటే అక్కడి నుంచి నీళ్లు గోడలోకి దిగుతాయి. మెష్, వేలాడే అల్మారా తలుపు రెండో జాబితా. ఇక రంగులు... రంగులు రిపేరు కాదండీ. పనివాడు ఎలాగూ వస్తున్నాడని జాబితా చివర చేర్చిన కోరిక అది. మీరు పంపిన కాగితంలో 40లో సగం ఆ ఒక్క గది రంగులకే ఉంది, గమనించారా? దాన్ని తీసేస్తే మిగిలేది 20. అందులో ఆలస్యం చేయకూడని పనులకు అయ్యేది 10. సరిగ్గా మీరు నెలనెలా పెట్టుబడికి పంపే మొత్తం.

ఒక్క నెల ఆ పెట్టుబడి ఆపండి. కదపడం ఇష్టం లేదన్నారు, క్రమశిక్షణ అంటే నాకూ గౌరవమే. కానీ ఒక చేత్తో పెట్టుబడి పెడుతూ, ఇంకో చేత్తో 27 శాతానికి అప్పు తెచ్చుకోవడం క్రమశిక్షణ కాదు. ఇప్పటిదాకా పెట్టినదాన్ని ముట్టుకోవద్దు, ఈ నెల కొత్తగా పంపకండి, అంతే. దాంతో మొదటి జాబితా అప్పు లేకుండా తీరిపోతుంది. వచ్చే నెల మరో 10తో రెండో జాబితా. రంగుల సంగతి వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

ఇప్పుడు అసలు విషయం. మూడో నెల నుంచి ఆ 10 తిరిగి పెట్టుబడికి వెళ్లకూడదు. అత్యవసర నిధికి వెళ్లాలి. వాయిదా 4 శాతం లోపే, సులువుగా కట్టేస్తామన్నారు కదా? చాలా సంతోషం, ఆ నాలుగూ కూడా ఇక్కడే వేయండి. యాప్‌కు కట్టగలిగిన డబ్బు మీకు మీరు కట్టుకోలేరా? నెలకు 14 చొప్పున వేస్తే ఆరేడు నెలల్లో మీ ఒక నెల ఖర్చు, అంటే సుమారు 90, పోగవుతుంది. అది మొదటి మెట్టు మాత్రమే. మూడు నెలల ఖర్చు చేరేదాకా నేను మిమ్మల్ని పెట్టుబడి జోలికి పోనివ్వను. ఆ తర్వాత నిధికి సగం, పెట్టుబడికి సగం చేసుకుని ఆరు నెలల ఖర్చు దాకా వెళ్లండి. ‘అంత డబ్బు ఊరికే బ్యాంకులో పడి ఉంటే రాబడి తగ్గదా’ అని మీవారో, మీరో అంటారు. తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయిన నెలలో పాప ఫీజూ, కరెంటు బిల్లూ, ఇలాంటి ఒక యాప్ వాయిదా కలిసి వస్తే ఏం చేస్తారో రాసి పెట్టుకోండి, ఆ కాగితం చూసుకుంటే రాబడి మాట మళ్లీ ఎత్తరు.

ఇంకో సంగతి. ఆ నిధి ఇంటి రిపేర్లకు కాదు. అర్ధరాత్రి పైపు పగిలితే వాడండి, తప్పు లేదు. కానీ వాషర్లు అరుగుతాయని, తాళాలు పట్టేస్తాయని, టైల్స్ సందులు పడతాయని ముందే తెలుసు. తెలిసిన ఖర్చుకు అత్యవసరం అని పేరు పెట్టకూడదు. దానికి వేరే చిన్న ఖాతా పెట్టండి. గత మూడేళ్లలో ఇంటి పనులకు అయినదీ, ఇప్పుడు వాయిదా పడి మీద పడ్డదీ కలిపి 36తో భాగించండి, నెలకు ఎంత పక్కన పెట్టాలో వచ్చేస్తుంది. మీ విషయంలో పాత ఖర్చు దాదాపు లేదు కాబట్టి ఈ 20నే 36 నెలలకు పంచితే 0.6 కూడా లేదు. జీతంలో ఒక శాతం పెట్టుకోండి, చాలు. మూడేళ్లపాటు ఒక శాతం పక్కన పెట్టకపోవడం వల్ల మీరు 27 శాతం వడ్డీ దాకా వచ్చారు.

ఇక ఆ పనివాడి విషయం. 80 శాతం ముందు ఇవ్వకండి. అతను మంచివాడే కావచ్చు, కానీ డబ్బంతా ముందే చేతికొస్తే మీ పని వెనక్కి, ఇంకొకరి పని ముందుకి వెళ్తుంది. సామాను మీరే కొనండి. పాత తాళం, పాత వాషర్ విప్పించి పట్టుకెళ్తే సైజు తప్పదు. లేదంటే సామాను ఖరీదు వరకే ఇచ్చి బిల్లు తీసుకోండి. కూలి మాత్రం పని అయినకొద్దీ. లెక్కపెట్టి చెప్పగలిగే పనులు, అంటే మెష్, తాళం, అల్మారా తలుపు లాంటివి, గుత్తకు మాట్లాడుకోవచ్చు. గోడ లోపల ఏముందో తెలియని పనికి గుత్త అడిగితే ఎవరైనా భయం కొద్దీ ఎక్కువే చెప్తారు, దానికి గంటల లెక్కో, రోజు కూలో నయం. చిల్లర పనులన్నీ ఒకే పూటకు కుదర్చండి. అతను వచ్చిన ప్రతిసారీ రాకపోకల ఖర్చు మీ బిల్లులోనే కలుస్తుంది. ఏయే పనులు, సామాను ఎవరిది, చెత్త ఎవరు తీస్తారు, ఇవన్నీ ఫోన్లో ఒక మెసేజ్‌గా పంపి ‘సరే’ అనిపించుకోండి. పైపు పని అయ్యాక జాయింటు కింద పొడి కాగితం ముక్క పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున అది పొడిగా ఉంటే మిగిలిన కూలి ఇచ్చేయండి, ఆలస్యం చేయకుండా.

స్విచ్ బోర్డు మాత్రం అతనికి ఇవ్వొద్దు. అన్ని పనులూ వచ్చినవాడికి కరెంటు పని కూడా వచ్చని అనుకోకండి. లోపల వైరు బిగింపు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, కాలిన వాసన సాధారణంగా దాని నుంచే. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌ను ఈ రోజే పిలవండి. పదకొండులో డబ్బు కోసం ఒక్క రోజు కూడా ఆగకూడని పని ఇదొక్కటే. అతను వచ్చేదాకా ఆ బోర్డుకు కరెంటు ఆపే స్విచ్, అంటే బ్రేకర్, దించేసి ఉంచండి.

ఆ రెండు ఫొటోలకు కూడా కాగితంలో కూలి వేశాడు. ఆ లైను కొట్టేయండి. సుత్తీ, రెండు మేకులూ ఉంటే అది ఆదివారం పొద్దున మీరే చేసుకోవచ్చు.