'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాలో కథ లేదు, లాజిక్ లేదు. మరి జనం ఎందుకంత ఎగబడ్డారు?

ఈ సినిమా గురించి నా చెవిన పడ్డ మాటలు రెండే రకాలు. మా ఆఫీసులో కుర్రాళ్ళు "అందులో ఏముందన్నా, సీరియల్‌లా ఉంది" అంటారు. మా అపార్టుమెంటులో పెద్దవాళ్ళు "చాన్నాళ్ళకి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే శుభ్రమైన సినిమా వచ్చింది బాబూ" అంటారు. రెండు పార్టీలతోనూ నాకు పేచీయే. నేను కూర్చున్న సీట్లో కూర్చుని చూసుంటే ఇద్దరూ ఆ మాట అనుండేవారు కాదు.

సీటు దాకా వెళ్ళేముందు ఊరు చేరాలి కదా. అప్పట్లో రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు. అంటే 2025 సంక్రాంతి టికెట్టు 2024 వినాయక చవితి నవరాత్రుల్లో కొనుక్కోవాలి. నిమజ్జనం హడావుడిలో నేను మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి గౌతమిలో వెయిటింగ్ లిస్టు చాంతాడంత అయింది. ప్రైవేటు బస్సువాడు చెప్పిన రేటు వింటే విమానం వాళ్ళు పాపం మంచివాళ్ళనిపించింది. చివరికి 11వ తారీఖు శనివారం బాబాయి కారులో ఇరుక్కుని బయల్దేరాం. పంతంగి టోల్‌గేటు దగ్గర గంటన్నర. ఫాస్టాగ్ ఉన్నా గంటన్నరే. ఏటా ఇదే కథ, ఏటా అక్కడే నిలబడి ఏటా తిట్టుకుంటాం. ఆ టోల్‌గేటుకి లాజిక్ ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

సినిమా పండగ రోజునే, 14న వచ్చింది. మేం మర్నాడు కనుమ సాయంత్రం ఫస్ట్ షోకి మండపేట వెళ్దామనుకున్నాం. మా మామ్మ అడ్డం పడింది. "కనుమ నాడు కాకైనా కదలదంటారు, పన్నెండుమంది బయల్దేరతారట్రా?" సినిమా ప్రయాణం కింద రాదని బాబాయి ఓ పావుగంట వాదించి, చివరికి ఆవిణ్ణే ఆటో ఎక్కించేశాడు. హాల్లో ఏసీ చేస్తుందో లేదో చెప్పేవాడు లేడు. గోడ ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. అక్క ఫ్యాన్ కింద సీటు పట్టింది. బావగారికి కాళ్ళు చాపుకోడానికి చివరి సీటు కావాలి. మిగిలిన మధ్య సీటు నాది. గేటు దగ్గర దొరక్కుండా అమ్మ చీరల సంచిలో తెచ్చిన జంతికలు కూడా నా ఒళ్ళోనే.

సినిమాలో వెంకటేష్ పోలీసు ఉద్యోగానికి దూరమై పెళ్ళాం పిల్లలతో హాయిగా ఉంటాడు. 'మీనూ' పాటలో కట్టుకున్న పెళ్ళానికి తన పాత ప్రేమకథ విప్పి చెప్తాడు. అక్కడ మా బావగారు నవ్వడం మొదలుపెట్టారు. మామూలు నవ్వు కాదు. నా మోకాలి మీద చరుస్తూ, ఊపిరి ఆడనంత నవ్వు.

"ఏంటండీ, అంత నవ్వొచ్చేస్తుంది?" అంది అక్క, నా మీదనుంచి వంగి.

"కామెడీ సినిమాకొచ్చి నవ్వకపోతే ఎలాగే?"

"మీకూ ఉందా ఏంటి, ఓ మీనూ?"

ఒంటి మీద తెలివున్న మగాడెవడైనా "ఛ ఛ" అంటాడు. బావగారు జంతిక నముల్తూ, తెర మీంచి కళ్ళు తియ్యకుండా, "కాకినాడలో చదువుకున్నోళ్ళకి ఎవరికి లేదే" అన్నారు.

నా ఒళ్ళో జంతికల సంచి మాయమైంది. అక్క దాన్ని తీసి మామ్మకిచ్చేసింది. మామ్మకి పళ్ళు లేవు.

అక్కణ్ణుంచి నేను రెండు సినిమాలు చూశాను. తెర మీద వెంకటేష్ ఇటు పెళ్ళాం ఐశ్వర్యా రాజేష్‌కీ అటు పాత ప్రేయసి మీనాక్షీ చౌదరికీ మధ్య నలిగిపోతుంటే, కింద నేను ఈ ఇద్దరి మధ్య నలిగిపోయాను. అప్పుడు కనిపెట్టిన సంగతి ఒకటి చెప్తాను, నమ్మితే నమ్మండి. నా చుట్టూ కూర్చున్న మగాళ్ళందరూ గట్టిగా నవ్వేసి, ఆ వెంటనే పక్కకి తిరిగి పెళ్ళాం మొహం చూస్తున్నారు. నవ్వు ముందు, తనిఖీ తర్వాత. వెనక వరసలో నాలుగు జంటల్ని లెక్కపెట్టాను, నాలుగింట్లోనూ అంతే. మా బాబాయైతే ముందు పిన్ని వైపు చూసి, అనుమతి దొరికాక నవ్వుతున్నాడు. ఆ సినిమా ఆడింది ఈ భయం మీద. కథ మీద కాదు, లాజిక్ మీద అసలే కాదు. అమెరికా నుంచి వచ్చిన సత్య ఆకెళ్ళని, అదే, అవసరాల శ్రీనివాస్‌ని ఎవరో ఎత్తుకుపోయారని, అతన్ని విడిపించడానికే ఈ ముగ్గురూ బయల్దేరారని హాల్లో సగంమంది మర్చేపోయారు. ఆ కిడ్నాపు పెళ్ళిపందిరికి పాతిన రాట లాంటిది. అది వేపకర్రో సర్వికర్రో భోజనానికొచ్చినవాడికి ఎందుకు?

మా ఆఫీసు కుర్రాళ్ళు సినిమా చూసింది మార్చి 1న ఓటీటీలోకి వచ్చాక. గదిలో ఒక్కడే, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, స్పీడు పెంచుకుని. పక్కన తనిఖీ చెయ్యడానికి మనిషి లేడు. ఇంక ఏం నవ్వొస్తుంది? చల్లారిన గారెలు తిని పిండి సరిగ్గా రుబ్బలేదనడం ఇది. పైగా ఒంటిచేత్తో వందమందిని గాల్లోకి లేపే సినిమాలకి వీళ్ళే ఈలలు వేస్తారు, అప్పుడు లాజిక్ గుర్తుకు రాదు.

ఇంకో మాట కూడా విన్నాను, ఆ పెళ్ళాం భాగ్యం పాత్ర వట్టి గయ్యాళిదని. అన్నవాళ్ళెవరో గాని వాళ్ళింట్లో గోదావరి జిల్లా ఆడపడుచు లేదు. నా లెక్కలో ఆ సినిమాకి హీరో భాగ్యమే. మొగుడు ఎటో పోతున్నాడని ఏడుస్తూ కూర్చోకుండా, సంచి సర్దుకుని, పదండి నేనూ వస్తానని వెంటపడుతుంది. ఐశ్వర్యా రాజేష్ మొన్నమొన్నటిదాకా ఎక్కువగా తమిళంలో చేసింది గాని పుట్టింది తెలుగు నటుల ఇంట్లోనే. వాళ్ళ నాన్న రాజేష్ తెలుగు నటుడు, మేనత్త మన శ్రీలక్ష్మి. ఆ టైమింగ్ ఎక్కణ్ణుంచి వచ్చిందని వేరే వెతకక్కర్లేదు. ఒక మాట అనేసి, అవతలివాడు తేరుకునేలోపు ఇంకోటి అనేస్తుంది. అచ్చం మా అక్కే.

పాటల సంగతి చెప్పకపోతే మా బాబాయి ఊరుకోడు. 'గోదారి గట్టు మీద' పాటలో రమణ గోగుల గొంతు వినపడగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. 1998లో 'ప్రేమంటే ఇదేరా'కి వెంకటేష్‌కి సంగీతం కట్టినాయనే, ఇన్నాళ్ళకి భీమ్స్ సంగీతంలో మధుప్రియతో కలిసి పాడాడు. బాబాయికి 98లో ఏం గుర్తున్నాయో పిన్ని అడగలేదు. ఆ రాత్రికి మా ఇంటికి ఒక గొడవ చాలు.

సెకండాఫ్ సాగిందంటే మాత్రం నేను కాదనను. అక్కడక్కడ అరుపులకీ జోకులకీ తేడా తెలియలేదు. ప్రభుత్వం రేట్లు పెంచుకోమన్నాక పన్నెండు టికెట్లూ, ఇంటర్వెల్‌లో పాప్‌కార్నూ కలిపి ఎంతయిందో మా నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. ఆ పాప్‌కార్న్ కూడా బావగారే తెచ్చారు, మూడు డబ్బాలు. ఒకటి అక్క ముందు పట్టుకుని నిలబడ్డారు. "నాకొద్దు, కాకినాడ పంపించండి" అంది.

ఇక శుభ్రమైన సినిమా అనే పెద్దల మాట. ఓటీటీలు చూసి చూసి పిల్లాడి నోరు పాడైపోయింది, వాళ్ళ నాన్ననెవరన్నా ఏమన్నా అంటే బండబూతులు తిడతాడు, అదీ అందులో హీరో కొడుకు బుల్లిరాజు మీద జోకు. ఆ కుర్రాడు బాగా చేశాడు, పగలబడి నవ్వాం, నిజమే. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ముందు డ్రైవరు పక్కన బావగారు, వెనకాల అక్క, మధ్యలో శ్మశాన నిశ్శబ్దం. అంతలో అక్క ఉండబట్టలేక "మీ నాన్నకి సిగ్గు లేదురా" అంది. నా ఒళ్ళో కూర్చున్న తొమ్మిదేళ్ళ మేనల్లుడు ఠక్కున బుల్లిరాజు తిట్టొకటి అందుకున్నాడు. ఏ తిట్టో రాయను. డ్రైవరు బ్రేకు వేశాడు. అమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. మా అక్కావాళ్ళింట్లో ఓటీటీ లేదు. ఓటీటీ చూసి పాడైన పిల్లాడి మీద జోకు చూసి మా వాడు పాడయ్యాడు. దీన్ని శుభ్రమైన సినిమా అనేవాళ్ళు ఆ రోజు మా ఆటోలో ఉండాల్సింది.

అయినా బావగారు వెనక్కి తిరిగి కొడుకు వంక చూసిన చూపులో కోపం లేదు. ఆ రోజు మొత్తమ్మీద ఆయన తరఫున మాట్లాడినవాడు వాడొక్కడే.

ముక్కనుమ నాడు కోడికూర వడ్డిస్తుంటే చూశాను. బావగారి కంచంలో మెడ ముక్కా, దాని పక్కన ఇంకో మెడ ముక్కా పడ్డాయి. రెండో కోడి మెడ కూడా దాచి మరీ వేసింది అక్క. ఆయన కిక్కురుమనకుండా తిన్నారు. మామ్మ "అల్లుడికి కాలు వెయ్యవే" అంటే "ఆయనకి మెడే ఇష్టం మామ్మా, కాకినాడలో అలవాటు" అంది అక్క.

2026 సంక్రాంతికి అదే దర్శకుడు అనిల్ రావిపూడి చిరంజీవితో తీసిన సినిమా వచ్చింది. టికెట్లు తియ్యమని మేనల్లుడు నా ప్రాణం తీశాడు. ఇంతలో బావగారు ఫోన్ చేశారు. పలకరింపులేం లేవు. గొంతు తగ్గించి, "బావా, చూసినవాళ్ళని ఎవరినన్నా కనుక్కో. అందులో ఫ్లాష్‌బ్యాక్ ఉందా?" అన్నారు.