టీవీ సినిమా అంటే థియేటర్లో రిలీజ్ కాక మిగిలిపోయినదా? అలాంటి సినిమాల్లో ఒక్కోసారి సింగర్‌ని హీరోగా ఎందుకు పెడతారు?

కాదు, టీవీ సినిమా అంటే మొదటినుంచీ ఛానల్‌లో వేయడం కోసమే తీసిన సినిమా. సింగర్‌ని హీరోగా పెట్టేది జనాన్ని వెంటనే కూర్చోబెట్టడానికి. మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో అయితే మార్నింగ్ షో టాక్ బాగుంటే ఫస్ట్ షోకి జనం పెరుగుతారు. పాతరోజుల్లో టీవీ సినిమాకి ఆ వ్యవధి ఉండేది కాదు. వేసిన రాత్రే చూడాల్సి వచ్చేది, రిమోట్ పట్టుకున్నవాళ్ల చెయ్యి ఆగాలంటే తెలిసిన ముఖం కావాల్సి వచ్చేది. అడవుల్లో, మంచుకొండల్లో నడిచే థ్రిల్లర్ దీనికి భలే కుదురుతుంది: మనుషులు తక్కువ, టెన్షన్ ఎక్కువ. మంచుకొండల మీద విమానం ఇంజన్ ఆగిపోతుండగా యాడ్స్ వేస్తే ఛానల్ మార్చబుద్ధి కాదు.

1988లో అమెరికాలో సీబీఎస్ అనే టీవీ ఛానల్ కోసం తీసిన ‘హయ్యర్ గ్రౌండ్’ చూడండి. కంట్రీ, ఫోక్ పాటలతో పేరు తెచ్చుకున్న జాన్ డెన్వర్ అందులో ఎఫ్‌బీఐ ఉద్యోగం వదిలేసి, అలాస్కాలో చిన్న విమానం నడుపుతాడు. నిజంగానే ఆయన పైలట్ కూడా, పాత్రకి అంతకంటే ఏం కావాలి!

హైదరాబాద్‌లో చాలామంది పొరబడేది ‘వరల్డ్ టెలివిజన్ ప్రీమియర్’ అన్న మాట దగ్గర. ఆదివారం ఆ పేరుతో మన ఛానళ్లు వేసేవి ఎక్కువగా థియేటర్లో ఆడేసిన సినిమాలే. అవి టీవీ సినిమాలు కావు.