చైన్ బిగించే ముందు కొలిచి చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మారేడుమిల్లి ఘాట్ బాటల్లో ఎత్తు ఎక్కినప్పుడల్లా నీ ఆఫ్‌రోడ్ బైకు చైన్ కటకటమంటోందని, పోయిన వారం బిగించినా మళ్ళీ లూజయిందని రాశావు. ఇంకోసారి బిగించకు నాయనా. అరిగిపోయిందేమో ముందు తేల్చుకో.

నీది 520 సైజు చైన్. ఒక పిన్ను నుంచి తర్వాతి పిన్నుకు 15.875 మి.మీ. ఉంటుంది. చైన్‌ను బిగువుగా పట్టి, ఒక పిన్ను నడిమి నుంచి ఇరవై ఒకటో పిన్ను నడిమి దాకా టేపుతో కొలువు. కొత్తదైతే 317.5 మి.మీ. వస్తుంది. 323 దాటితే మార్చాల్సిందే. మూడు నాలుగు చోట్ల కొలవాలి, ఎందుకంటే చైన్ అంతటా ఒకేలా అరగదు. చక్రం తిప్పుతుంటే ఒకచోట బిగువు, ఒకచోట వదులు అనిపించేది అందుకే. మీ జట్టులో 428 చైన్ బండి ఉంటే దానికి ఇదే లెక్క 254, హద్దు 259.

చైన్ సాగిందంటాం గానీ నిజంగా ఉక్కు సాగదు. ఇసుక లోపలికి దూరి పిన్నునూ, దాని చుట్టూ ఉండే బుష్షునూ తినేస్తుంది. లింకుకు వెంట్రుకవాసి చొప్పున వందకు పైగా లింకుల అరుగుదల కలిసి అంత పొడవవుతుంది.

తర్వాత వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) చివరి అంచున చైన్‌ను వెనక్కి లాగి చూడు. పన్నులో సగం బయటపడితే అరుగుదల ముదిరినట్టే. పళ్ళు కొక్కెంలా వంగితే స్ప్రాకెట్ పోయినట్టు. ఒక పక్కే అరిగితే చక్రం వంకరగా కూర్చుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీది గీతల్నే నమ్మకుండా, అది ఆడే ఇరుసైన పివట్ నుంచి చక్రం ఇరుసైన ఆక్సిల్‌కు రెండు వైపులా కొలిచి సరిచెయ్యి. ముందు స్ప్రాకెట్‌కు పళ్ళు తక్కువ కాబట్టి అదే ముందు అరుగుతుంది. అయినా దాన్నొక్కదాన్నే మార్చకు. పాత చైన్ కొత్త పళ్ళను కొద్ది రోజుల్లోనే కొరికేస్తుంది. చైన్, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపి సెట్‌గా వెయ్యి.

అసలు తప్పు చాలామంది బిగింపులోనే చేస్తారు. ఆఫ్‌రోడ్ బండికి సస్పెన్షన్ ప్రయాణం, అంటే చక్రం పైకీ కిందికీ ఆడే దూరం ఎక్కువ. గోతిలో దిగబడినప్పుడు ముందు స్ప్రాకెట్ ఉండే షాఫ్టు, పివట్, వెనక ఆక్సిల్ ఒకే గీతలోకి వస్తాయి. చైన్ అన్నిటికంటే బిగిసేది అప్పుడే. స్టాండు మీద చక్కగా కనిపించిన చైన్ అక్కడ గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగును లాగేస్తుంది, ఆయిల్ సీలు కారుతుంది. ఇద్దర్ని సీటు మీద కూర్చోబెట్టి ఆ మూడూ వరసలోకి రానివ్వు. అప్పుడు కూడా వేలితో కదిపితే చైన్ కాస్త ఆడాలి. మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు, అన్నిటికంటే బిగువుగా ఉన్నచోటే సరిచెయ్యి.

బురదలో తిరిగొచ్చాక ముందు స్ప్రాకెట్ కవరు విప్పి చూడు. నల్లరేగడి అక్కడ గడ్డకట్టి చైన్‌ను పైకి నెడుతుంది. స్వింగ్ ఆర్మ్‌కు చైన్ రాసుకోకుండా ఉండే స్లైడరు రబ్బరు కూడా చూడు, అది పోతే చైన్ స్వింగ్ ఆర్మ్‌నే కోస్తుంది. లింకుల్లోని ఓ-రింగులకు (గ్రీజు బయటికి పోకుండా ఆపే రబ్బరు వలయాలు) పెట్రోలు, వైరు బ్రష్షు పనికిరావు. మెత్తని బ్రష్షు, కిరోసిన్ చాలు. తుడిచి, ఆరాక కింది వరసకు లోపలి వైపు నుంచి 90 గేర్ ఆయిల్ పట్టించు. ఇంజిను ఆపే ఉంచి, చక్రాన్ని చేత్తోనే తిప్పు, వేళ్ళు జాగ్రత్త.

కొత్త చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ నడిచే దిక్కుకే ఉండాలి. మొదటి రోజు తోలి వచ్చాక చైన్ వదులు, వెనక స్ప్రాకెట్ బోల్టులు మళ్ళీ చూసి నాకు రాయి.

మీ మామయ్య