హైదరాబాద్‌కు రేవు లేదు, మరి సరుకు ఓడెక్కేదెలా?

ప్రశ్న: నిజామాబాద్ నుంచి ఒక కంటైనర్ పసుపు కొమ్ములు దుబాయ్‌కి పంపాలి. కస్టమ్స్ పనికి ముంబై వెళ్లాల్సిందేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అక్కర్లేదండీ. హైదరాబాద్ సనత్‌నగర్‌లోని కాన్‌కర్ (రైల్వే శాఖ కిందున్న కంటైనర్ రవాణా సంస్థ) డిపోలోనే కస్టమ్స్ ఉంది. ముందు ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్ నంబరు), స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు రిజిస్ట్రేషన్ తీసుకోండి. ఆపైన మీ కస్టమ్స్ బ్రోకరు (మీ తరఫున కస్టమ్స్ పని చూసే లైసెన్సుదారు) కస్టమ్స్ వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి ప్రకటన, వేస్తారు. ఎగుమతికి అనుమతి వచ్చాక, సీలు వేసిన పెట్టె (కంటైనర్) రైల్లోనో లారీలోనో ముంబై దగ్గరి న్హావా షేవా రేవుకు వెళ్తుంది. సీలు చెక్కుచెదరకుంటే అక్కడ మామూలుగా మళ్లీ విప్పరు.

చిక్కల్లా సమయంతోనే. ఓడ వచ్చే రోజు కాదు, రేవు గేటు మూసే గడువు చూసుకోవాలి. రైలుకు సరిపడా పెట్టెలు పోగుకాకపోతే మీ పెట్టె డిపోలోనే ఆగిపోతుంది. గడువు దాటితే తర్వాతి ఓడే, పైగా నిల్వ ఛార్జీలు. అందుకే నాలుగైదు రోజులు చేతిలో ఉంచుకుని బుక్ చేయండి. 2016 జులై నుంచి సరుకూ పెట్టే కలిపి తూచిన బరువు ముందే ఇవ్వకుంటే ఓడలోకి ఎక్కించరు.

పసుపుకు అసలు శత్రువు తేమ. సరిగా ఆరని కొమ్ములు లోడ్ చేస్తే రాత్రి చల్లదనానికి పెట్టె పైకప్పు చెమర్చి బస్తాల మీద కారుతుంది, బూజు ఖాయం. గోడలకు క్రాఫ్ట్ కాగితం, తేమ పీల్చే సంచులు తప్పనిసరి. చెక్క ప్యాలెట్లు వాడితే ఐఎస్‌పీఎం-15 (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారని చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉన్నవే.

ఇక పన్ను సంగతి. ఎగుమతిపై కట్టిన ఐజీఎస్టీ (కేంద్రం వసూలు చేసే జీఎస్టీ) వాపసు ఆగడానికి తరచూ కారణం: జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను)లోని ఇన్వాయిస్ నంబరు షిప్పింగ్ బిల్లుతో కలవకపోవడం.